మల్కాజిగిరి మనసు మార్చుకుందా... మనుషులే మారారా?

కూకట్‌పల్లిలో కోచింగ్, ఎల్బీనగర్‌లో హాస్టల్, ఉప్పల్‌లో మొదటి ఉద్యోగం... మీది ఏ జిల్లా అయినా సరే, చదువు కోసమో కొలువు కోసమో హైదరాబాద్ వస్తే మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గంలో అద్దెకు దిగే అవకాశం చాలా ఎక్కువ. మేడ్చల్, మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీనగర్, సికింద్రాబాద్ కంటోన్మెంట్... ఈ ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లూ కలిస్తే మల్కాజిగిరి. 2024లో ఇక్కడి ఓటర్లు దాదాపు 37.8 లక్షలు. ఓటర్ల సంఖ్యలో దేశంలోనే అతి పెద్ద సీటు ఇది. లక్షద్వీప్‌లో 58 వేల లోపు ఓటర్లకు ఒక ఎంపీ ఉంటే, ఇక్కడ అంతకు 65 రెట్ల మందికి కూడా ఒక్కరే.

ఈ సీటు గురించి అడిగితే చాలామంది 'ఎప్పుడు ఎటు గాలి వీస్తే అటు' అనేసి ఊరుకుంటారు. గ్రూప్ డిస్కషన్‌లోనో ఇంటర్వ్యూలోనో అలా అంటే సరిపోదు. లెక్కలు దగ్గర పెట్టుకుని చూస్తే కథ వేరేలా కనిపిస్తుంది.

నాలుగు ఎన్నికలు, నలుగురు ఎంపీలు

2008 పునర్విభజనలో ఈ నియోజకవర్గం ఏర్పడింది. 2009లో కాంగ్రెస్ నుంచి సర్వే సత్యనారాయణ, 2014లో టీడీపీ నుంచి మల్లారెడ్డి, 2019లో మళ్లీ కాంగ్రెస్ నుంచి రేవంత్ రెడ్డి, 2024లో బీజేపీ నుంచి ఈటల రాజేందర్ గెలిచారు. ఒక్క ఎంపీ కూడా ఇక్కడి నుంచి రెండోసారి లోక్‌సభకు వెళ్లలేదు. పదేళ్లు రాష్ట్రాన్ని ఏలిన బీఆర్ఎస్ (అప్పటి టీఆర్ఎస్)కు ఈ ఎంపీ సీటు ఒక్కసారి కూడా దక్కలేదు.

ఇంకో విచిత్రం ఉంది. రేవంత్ రెడ్డి 2018 డిసెంబరులో కొడంగల్‌లో ఓడిపోయి, ఆరు నెలలు తిరక్కముందే ఇక్కడ గెలిచారు. ఈటల 2023 చివర్లో హుజూరాబాద్, గజ్వేల్ రెండు చోట్లా ఓడి, ఆరు నెలల్లోనే ఇక్కడ గెలిచారు. స్థానికుడా కాదా అన్నది ఇక్కడ పెద్దగా అడ్డు రాలేదు. ఇక్కడి ఓటర్లలో కూడా చాలామంది ఎక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డవాళ్లే కదా.

అసెంబ్లీ ఎన్నికల తీరు మళ్లీ వేరు. 2023 నవంబరులో ఏడుకు ఏడు సెగ్మెంట్లూ బీఆర్ఎస్ గెలిచింది. ఆరు నెలల తర్వాత అదే ఏడు సెగ్మెంట్లలో జరిగిన లోక్‌సభ ఎన్నికలో అదే పార్టీ మూడో స్థానానికి పడిపోయింది.

అసలు లెక్క ఇక్కడుంది

2019లో రేవంత్ రెడ్డికి వచ్చిన ఓట్లు 6,03,748. టీఆర్ఎస్ అభ్యర్థి మర్రి రాజశేఖర్ రెడ్డికి 5,92,829. మెజారిటీ 10,919 మాత్రమే. బీజేపీ దాదాపు 3.04 లక్షలతో మూడో స్థానంలో నిలిచింది.

2024లో కాంగ్రెస్ అభ్యర్థి పట్నం సునీతా మహేందర్ రెడ్డికి 5,99,567 ఓట్లు వచ్చాయి. గమనించారా? ఐదేళ్ల కిందట గెలిపించిన ఓట్లకూ వీటికీ తేడా నాలుగు వేలు కొంచెం దాటింది, అంతే. కానీ ఈసారి ఆ పార్టీ 3,91,475 ఓట్ల తేడాతో ఓడింది. ఈటలకు 9,91,042 ఓట్లు పడ్డాయి.

బీజేపీకి అదనంగా వచ్చిన ఆ 6.87 లక్షల ఓట్లు ఎక్కడివి? బీఆర్ఎస్ ఓట్లు దాదాపు 5.93 లక్షల నుంచి 3 లక్షలకు తగ్గాయి. అవన్నీ బీజేపీకే వెళ్లాయనుకున్నా సగం కూడా లెక్క తేలదు. మిగతాది ఓటరు జాబితాలో వెతకాలి. 2019లో ఇక్కడి ఓటర్లు దాదాపు 31.5 లక్షలు. ఐదేళ్లలో 6.3 లక్షలు పెరిగారు. అంటే కాంగ్రెస్‌కు పడిన మొత్తం ఓట్ల కన్నా జాబితాలో పెరిగిన ఓటర్లే ఎక్కువ!

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఇవన్నీ నికర లెక్కలు. ఏ ఓటరు ఎటు మారాడో ఇవి చెప్పవు. అయినా 'ఓటర్లు మనసు మార్చుకున్నారు' అని తేల్చే ముందు, అసలు వాళ్లే వీళ్లా అని అడగాలని మాత్రం చెబుతాయి. అపార్ట్‌మెంట్లు, కొత్త కాలనీలు లేచే శివారు సీటులో ప్రతి ఎన్నికకూ కొంత కొత్త నియోజకవర్గం వచ్చి చేరుతుంది.

గాలి ఎటు మళ్లుతోందో ముందే చెప్పిన గుర్తు కూడా ఒకటి ఉంది. 2016 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో 4 డివిజన్లు గెలిచిన బీజేపీ, 2020లో 48 గెలిచింది. ఎల్బీనగర్ ప్రాంతంలో దాని జోరు అప్పుడే బయటపడింది. 2024 ఫలితం ఒక్క రాత్రిలో ఊడిపడింది కాదు.

ముందు ఏం జరగొచ్చు?

3.91 లక్షల మెజారిటీ చూసి ఇది బీజేపీ కంచుకోట అయిపోయిందనుకోవడం తొందరపాటే. 2024లో పోలింగ్ సగం కాస్త దాటిందంతే. ఓటు వేయనివాళ్లు 18 లక్షల పైమాటే. మొత్తం ఓటర్లలో ఈటలకు ఓటు వేసింది దాదాపు 26 శాతం. ఏ పార్టీ ఓట్ల కన్నా కూడా వేయని ఓట్లే పెద్ద గుట్ట. అందులో కొంత కదిలినా ఫలితం తారుమారవుతుంది.

పునర్విభజన సంగతి కూడా గుర్తుంచుకోండి. 84వ రాజ్యాంగ సవరణ ప్రకారం రాష్ట్రాల సీట్ల సంఖ్య 2026 తర్వాత జరిగే తొలి జనగణన వరకు మారదు. ఆ తర్వాత సరిహద్దులు తిరగరాస్తే దేశంలోనే అతి పెద్ద సీటు ఇప్పుడున్నట్టు ఉండటం కష్టం. ఒకటి రెండు సీట్లయితే ఏ ముక్క ఎటు పోతుందన్న దాన్ని బట్టి పార్టీల లెక్కలన్నీ మళ్లీ మొదలవుతాయి.

మరి మీ ఓటు ఎక్కడ?

2024 మే 13న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు చోట్లా ఒకే రోజు పోలింగ్. ఆంధ్రలో ఓటు ఉన్నవాళ్లు బస్సులు, రైళ్లు కిక్కిరిసి ఊళ్లకు వెళ్లారు. అది తప్పు కాదు. కానీ ఒక సంగతి ఆలోచించండి. మీరు కట్టే అద్దె, ఎక్కే బస్సు, దరఖాస్తు పెట్టే ఈసీఐఎల్ లాంటి కేంద్ర సంస్థ ఈ సీటులోనే ఉన్నాయి. ఇక్కడ ఓటు లేకపోతే ఇక్కడి అభ్యర్థి లెక్కలో మీరు లేనట్టే. హాస్టల్ ఫీజులు, శివారు బస్సులు, కేంద్ర సంస్థల్లో ఖాళీలు ఇక్కడి ప్రచారంలో గట్టిగా వినపడాలంటే అడిగేవాళ్లకు ఇక్కడ ఓటు ఉండాలి.

ఓటు ఒక్కచోటే ఉండాలి, రెండు చోట్ల ఉంచుకోవడం చట్టవిరుద్ధం. ఊళ్లో ఉంచుకోవాలా, ఇక్కడికి మార్చుకోవాలా అన్నది మీ ఇష్టం. మార్చుకోవాలంటే ఫారం 8, కొత్తగా నమోదుకు ఫారం 6. గుర్తింపు ఉన్న, కనీసం ఏడాది కోర్సు చదువుతూ హాస్టల్‌లో ఉండేవాళ్లు కాలేజీ ఇచ్చే బోనఫైడ్‌తో హాస్టల్ చిరునామా మీద నమోదు చేసుకోవచ్చు. 18 ఏళ్లు నిండటానికి ఇప్పుడు జనవరి 1 ఒక్కటే కాదు, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 కూడా అర్హత తేదీలే.

నోటిఫికేషన్ పడగానే దరఖాస్తుకు చివరి తేదీ చూసుకుంటాం కదా. ఈ వారం ఓటరు జాబితాలో మీ పేరు ఏ ఊళ్లో ఉందో కూడా ఒకసారి చూసుకోండి.