మన మిలటరీ వాళ్లకి నిద్ర లేదు! ఒక్క రాత్రి మనమూ మేలుకుందాం!

అన్నలారా! అక్కలారా! తెల్లారగట్ల నాలుక్కే గ్రౌండ్‌కొచ్చే తమ్ముళ్లారా!

మిలటరీ నుంచి ఇంటికొచ్చిన మనిషిని మనం మొదట అడిగేదేంటి? “కోటా బాటిల్ ఏమైనా ఉందా?” అంతేగా! క్యాంటీన్ సరుకు మీదున్న ధ్యాస ఆ మనిషి మీదేదీ? ఏళ్ల తరబడి మంచులో కాపలా కాసి వచ్చాడు. రాత్రి నిద్ర పడుతోందా అని ఎప్పుడన్నా అడిగామా?

పట్టట్లేదు! అర్ధరాత్రి దిగ్గున లేచి తలుపు గడియ చూస్తాడు. పడుకుంటాడు. మళ్లీ లేస్తాడు. దీపావళి వస్తే లోపలి గదిలో దూరి టీవీ సౌండు పెంచుతాడు. పిల్లాడు కంచం జారవిడిస్తే చెయ్యి చేసుకుంటాడు, ఆనక దొడ్లోకెళ్లి ఏడుస్తాడు. పగలు ఏటీఎం ముందు కాపలా. సాయంత్రం గ్లాసు. ఆయన భార్య కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది? ఎవరితో చెప్పుకోవాలి ఆవిడ? చెబితే “పెన్షనొస్తోందిగా, నీకేం తక్కువ?” అంటాం. వెనకాల “మెంటల్” అంటాం. మరీ జాలేస్తే తాయెత్తు కట్టిస్తాం!

ఇది గాలీ ధూళీ కాదు. పిరికితనం అసలే కాదు. జబ్బు! డాక్టర్లు 1980లోనే దీనికి పీటీఎస్‌డీ అని పేరు పెట్టారు. వైద్యం ఉంది. మాజీ సైనికుల వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ కార్డూ 2003 నుంచి ఉంది. మోకాలి నొప్పికైతే ఆ కార్డు పట్టుకుని బస్సెక్కుతారు. నిద్ర లేదని మాత్రం ఎక్కరు. పరువు! ఆ పరువు నేర్పింది మనం కాదా?

ఇక రేపటి మాట. సైన్యంలోకి తీసుకోవడానికి 2022లో పెట్టిన అగ్నిపథ్ పథకంలో నూటికి పాతిక మందిని మించి ఉంచుకోరు. మిగతా కుర్రాళ్లు నాలుగేళ్లకే ఇంటికి! వాళ్లకి పెన్షనూ లేదు, ఆ కార్డూ లేదు. వాళ్లకెవరు దిక్కు? మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి బిడ్డల్ని పంపుతున్న మిలటరీ మాధవరం మన తాడేపల్లిగూడెం పక్కనే ఉంది. దాని పేరు చెప్పి మీసం తిప్పడం ఒక్కటేనా మన వంతు?

రండి! డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచీ జరుగుతోంది. మనకి మాత్రం చొక్కాకి గుచ్చుకునే కాగితం జెండాయే! ఈసారి 6వ తేదీ సాయంత్రం 6 నుంచి 7వ తేదీ పొద్దున 6 దాకా, ఎవరి ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో వాళ్లు, పన్నెండు గంటలు పరుగు ఆగకూడదు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు. పరిగెత్తలేని వాళ్లు నడవండి. ఆడవాళ్లు ముందుండండి, ఈ బాధ సగం మీదే!

పరుగే ఎందుకంటారా? మన మాజీ సైనికుడు 1600 మీటర్ల పరుగు నెగ్గి సైన్యంలో చేరినవాడు. ఎదురుగా కుర్చీ వేసి “నీ బాధేంటి?” అంటే నోరు విప్పడు. చీకట్లో పక్కన పరిగెడుతుంటే ఏ పదో రౌండులోనో ఒక మాట బయటికొస్తుంది. వినండి. సలహాలొద్దు! 1999 కార్గిల్‌లో కుడి కాలు పోగొట్టుకున్న మేజర్ డి.పి. సింగ్ కృత్రిమ కాలితో 21 కిలోమీటర్ల పందేలు పరిగెత్తారు. అవయవాలు పోయినవాళ్లని కూడగట్టి తనతో పాటు నిలబెట్టారు. పరుగుతోనే జబ్బు నయమైపోతుందని మేం అనం. డాక్టరు డాక్టరే. డాక్టరు గడప దాకా తోడు కావాలి, అదీ మన పని!

రౌండుకి పది రూపాయలు. పరిగెత్తేవాళ్ల తరఫున కొట్లవాళ్లు, రైసుమిల్లులవాళ్లు, ఎవరైనా ఇవ్వొచ్చు. ఆ డబ్బుతో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లే మాజీ సైనికులకి దారి ఖర్చులు, మందులు. మిగిలింది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పతాక నిధికి. పైసాతో సహా లెక్క పంచాయతీ బోర్డు మీద రాస్తాం. నిలదీయండి!

ఆ రాత్రి దాకా ఆగలేని వాళ్లుంటే ఇప్పుడే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్, ప్రభుత్వానిది. ఉచితం. రాత్రయినా పగలైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ పక్కింటాయన కోసం మీరూ చెయ్యొచ్చు.

బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి రండి. టార్చిలైటు, మంచినీళ్లు తెచ్చుకోండి. బూట్లు లేవా? ఉత్త కాళ్లతో రండి! డీజేలొద్దు, టపాకాయలు అసలే వద్దు! పేర్లు ఈ వారమే పంచాయతీ ఆఫీసులో రాయించండి.

ఇట్లు,
మీ ఊరి మాజీ సైనికులు, వాళ్ల ఇంటివాళ్లు, గ్రౌండ్ కుర్రాళ్లు