కుండలో కాదు, ఊటలో



యెరికో పట్టణస్థులు తమ నీళ్లు మంచివి కావని ఎలీషాతో మొరపెట్టుకున్న సంగతి రెండవ రాజుల గ్రంథం 2వ అధ్యాయంలో చదువుతాం. ఎలీషా ఉప్పు తెప్పించుకుని ఎక్కడికి వెళ్లాడో గమనించారా? ఇంటింటికీ తిరిగి కుండల్లో వేయలేదు. నేరుగా నీటి ఊట దగ్గరికి వెళ్లాడు.

అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో పార్కర్స్‌బర్గ్ అనే ఊరుంది. నాన్‌స్టిక్ పెనాలకు పూసే టెఫ్లాన్ తయారీకి అక్కడి డ్యూపాంట్ ఫ్యాక్టరీ 1951 నుంచి సి8 అనే రసాయనం వాడింది. ఆ వ్యర్థాలు కలిసిన వాగు నీళ్లు తాగిన ఒక రైతు ఆవులు వరసగా చచ్చిపోయాయి. 1999లో ఆయన కోర్టుకెక్కాడు. ఫ్యాక్టరీ అన్నం పెట్టే ఊరు కదా, ఇరుగుపొరుగు ఆయనకు ముఖం చాటేశారు. తర్వాత చూస్తే అదే రసాయనం చుట్టుపక్కల ఊళ్ల తాగునీటిలోనూ ఉంది. సుమారు 69 వేల మంది రక్తం ఇచ్చి పరీక్ష చేయించుకున్నారు. మూత్రపిండాల క్యాన్సర్, థైరాయిడ్ జబ్బుతో సహా ఆరు రోగాలకు దానితో సంబంధం ఉండవచ్చని 2012 నాటికి శాస్త్రవేత్తలు తేల్చారు.

తాగునీటిలో ఆ రసాయనానికి దేశమంతటికీ వర్తించే హద్దు పెట్టింది ఎప్పుడో తెలుసా? 2024 ఏప్రిల్‌లో. లక్ష కోట్ల పాళ్లలో నాలుగు పాళ్లు మించకూడదన్నారు. డెబ్బై మూడేళ్లు పట్టింది!

"అయ్యగారూ, మా ఇంట్లో ఆర్‌ఓ మెషీన్ ఉందిగా" అంటారేమో. మంచిదే, అది వీటిని చాలావరకు ఆపుతుంది. కానీ అది కుండలో వేసిన ఉప్పు. కూలికెళ్లే విధవరాలి బిందెకు మెషీన్ ఎవరు పెడతారు? వాగులో తాగే గేదెకు ఎవరు పెడతారు? ఈ రసాయనాలు నేలలో, నీటిలో ఏళ్ల తరబడి నశించవు. ఒకసారి వదిలితే మన మనవల దాకా వెళ్తాయి.

అందుకే చట్టం ఫ్యాక్టరీ గొట్టం దగ్గరే ఉండాలి. హాని లేదని తయారుచేసేవాడే ముందు రుజువు చేయాలి. ఆసుపత్రి పరికరాల వంటి తప్పనిసరి వాటికి గడువు ఇవ్వవచ్చు. అట్టు అంటుకోకపోవడం అంత తప్పనిసరా? పని పోతుందన్న కార్మికుని భయం అబద్ధం కాదు. అతనికి వేరే దారి చూపడం కూడా ఆ చట్టం బాధ్యతే.

మన బజారులోనూ ఆ పూత పెనాలే అమ్ముతున్నారు. ఓటుకు వచ్చేవారిని రోడ్డు అడుగుతాం, పింఛను అడుగుతాం. ఈసారి ఊట సంగతి కూడా అడుగుదాం. యెరికోవారు నోరు తెరిచి అడిగారు గనుకనే నీళ్లు బాగయ్యాయి.

ప్రభువు మనకు ఆ ధైర్యం దయచేయును గాక. ఆమేన్.