మూసీ గట్టు నుండి కొల్లూరు మేడలకు

2025 సెప్టెంబరు నెలాఖరున జంట జలాశయముల గేట్లెత్తగా మూసీ పొంగి చాదర్‌ఘాట్ పల్లపు బస్తీలలో ప్రవేశించినది. ఇమ్లీబన్ బస్సు స్టేషను సైతము నీట మునిగినది. నదీగర్భమున వసించు పేదలను తరలింపవలెననుటలో వివాదమునకు తావు లేదు. ఎచ్చటికి అనునదే ప్రశ్న.

ఈ ప్రశ్న హైదరాబాదునకు క్రొత్తది కాదు. 1908 నాటి వరద పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు వెలసినవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించి గృహములు నిర్మించినది.

మన కాలమున రెండు మార్గములు కనబడుచున్నవి. సికింద్రాబాదు భోయిగూడలోని ఐ.డి.హెచ్. కాలనీలో శిథిల గృహములను పడగొట్టి, ఆ చోటనే 396 ఇండ్లు కట్టి, 2015లో అచ్చటి వారికే అప్పగించిరి. మూడంతస్తుల భవనములు, లిఫ్టు బెడద లేదు. పని, బడి, అరువిచ్చు కిరాణా కొట్టు, ఏదియు దూరము కాలేదు.

రెండవది కొల్లూరు. నగరపు పడమటి పొలిమేర దాటి, అవుటర్ రింగ్ రోడ్డు చెంత, 15,660 ఇండ్లు 2023లో ప్రారంభమైనవి. ఒక్కొక్కటి 560 చదరపుటడుగులు, రెండు పడకగదులు; పైగా ఉచితము. ఇంతటి కార్యమును తేలికగా త్రోసిపుచ్చరాదు. కాని మలక్‌పేటలో నాలుగిండ్ల పాచిపని చేసికొను స్త్రీ అచ్చటికి చేరినచో, తెల్లవారకముందే బస్సెక్కవలెను. లేదా ఆ నాలుగిండ్లను వదలుకొనవలెను. పదేసి అంతస్తులకు నీరు తోడుటకు, లిఫ్టు నడుపుటకు నెలనెల సొమ్ము వేరు. చవక భూమికై దూరము పోయిన ప్రభుత్వమునకు మిగిలినది, నివాసికి ఛార్జీల రూపమున ఖర్చగుచున్నది. 2024లో మూసీ గట్టు ఇండ్లపై ఎఱ్ఱ గుర్తులు వేసినపుడు పలువురు ఎదురు తిరిగిరనిన, అది నది మీది మమకారము కాదు గదా!

వరద తప్పినంత మాత్రమున ఋతుపీడ తీరదు. మేడ పై అంతస్తున స్లాబు పగలు పీల్చిన వేడిని రాత్రి విడుచును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. తెల్లని పూత ఎండను త్రిప్పికొట్టును. (మన పెద్దలు వేసవి ముందు మిద్దెకు సున్నము కొట్టుట ఇదియే.) ఖర్చు స్వల్పము, పేదల మేడలకే ఇది ముందుగా అందవలెను.

నగరమున చోటెక్కడ అందురు. 2023 ఆగస్టున కోకాపేటలో ప్రభుత్వ భూమి ఎకరము 100 కోట్లకు పైబడి వేలములో పలికినది. అట్టి రాబడిలో ఒక పాలు వెచ్చించి, మూసీకి నడకదూరములో, వరద అందని మెరకన స్థలములు సేకరింపరాదా?