గ్రీకు ట్రాజెడీకి తెలుగు అనువాదం: రిహార్సలు పరిశోధనలో భాగమే

గ్రీకు ట్రాజెడీని తెలుగులోకి తేవాలనుకునే పరిశోధక విద్యార్థికి మన శాఖల్లో తరచు రెండు మాటలు వినిపిస్తాయి. ట్రాజెడీ మన సంప్రదాయానికి పరాయిది కనుక దాన్ని గ్రాంథికంలో, గంభీరంగా, దూరంగానే నిలపాలన్నది మొదటిది. అనువాదం పరిశోధనే కాని, నటులతో రిహార్సలు చేయడం వార్షికోత్సవాల పని అన్నది రెండవది. ఈ రెండూ పొరపాట్లేనని, వాటిని సరిదిద్దే ఆధారాలు నెల్లూరు సాహిత్యచరిత్రలోనే ఉన్నాయని ఈ వ్యాసం వాదిస్తుంది. నేను అనువదించి, నెల్లూరు తీరప్రాంత విద్యార్థులతో రిహార్సలు చేస్తున్న సోఫోక్లీస్ ‘యాంటిగొనీ’ ఈ చర్చకు ఆధారం.

మొదటి పొరపాటు పరిభాషలోనే మొదలైంది. ట్రాజెడీని ‘విషాదాంత నాటకం’ అంటున్నాం. ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’తో తెలుగులో ఆ చరిత్రను ప్రారంభిస్తున్నాం. ఈ మాట నాటకాన్ని ముగింపుతో కొలుస్తుంది. ఏథెన్సువారి కొలత అది కాదు. ఈస్కిలస్ ‘యుమెనిడీస్’ సయోధ్యతో ముగుస్తుంది. సోఫోక్లీస్ ‘ఫిలోక్టెటీస్’లో నాయకుడికి గాయం మానుతుందన్న హామీ దొరుకుతుంది. చేయబోయిన ఘోరం గుర్తింపు వల్ల చివరి క్షణంలో ఆగిపోయే కథను అరిస్టాటిల్ సైతం మెచ్చుకున్నాడు. ముగింపే లక్షణమని ముందుగా నిర్ణయించుకున్నవారికే ‘మన నాటకం మంగళాంతం, కనుక ట్రాజెడీ మనది కాదు’ అన్న తీర్మానం సులభమవుతుంది.

వస్తువు విషయంలోనూ పరాయితనం లేదు. ‘యాంటిగొనీ’లో వివాదమంతా యుద్ధంలో చనిపోయిన ఒక సోదరుడి శవం గురించి. నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానకవి తిక్కన తెనిగించిన పర్వాలలో స్త్రీపర్వం ఉంది. అక్కడ రణరంగంలో స్త్రీల విలాపం తరువాత, హతులందరికీ, దిక్కులేనివారికి కూడా, అంత్యక్రియలు జరిపించమని ధర్మరాజు ఆదేశిస్తాడు. థీబ్స్ రాజు క్రియాన్ శత్రుపక్షాన పోరాడినవాడికి ఆ క్రియలను నిషేధిస్తాడు. స్త్రీపర్వం చదివిన తెలుగు పాఠకుడికి క్రియాన్ శాసనంలోని క్రౌర్యాన్ని వివరించడానికి పాదసూచిక అవసరం లేదు.

ఇక భాష. శవానికి కాపలా ఉన్న భటుడు రాజుకు వార్త చెప్పడానికి భయపడతాడు. దారిలో ఆగుతూ, వెనుదిరుగుతూ వచ్చానంటాడు. అసలు విషయం తప్ప అన్నీ చెబుతాడు. అతనికి సమాసభూయిష్ఠమైన గ్రాంథికం ఇస్తే భయమూ పోతుంది, హాస్యమూ పోతుంది. ఈ చిక్కును వేదం వేంకటరాయశాస్త్రి ఏనాడో ఎదుర్కొన్నారు. ‘నాగానందం’ (1891) అనువాదంలోనూ, ‘ప్రతాపరుద్రీయం’ (1897)లోనూ పాత్రోచిత భాషను ప్రవేశపెట్టారు. చాకలి పేరిగాడికి అతని మాటే ఇచ్చారు. 1899లో నెల్లూరులో ఏర్పడిన ఆంధ్రభాషాభిమాని సమాజం ఆయన నాటకాలను రంగస్థలానికి తెచ్చింది. వ్యావహారిక భాషోద్యమాన్ని వ్యతిరేకించిన పండితుడే రంగస్థలం మీద వాడుకమాటను సమర్థించారన్నది నేటి గ్రాంథికాభిమానులు గమనించవలసిన విషయం.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. గ్రీకు మూలంలో భటుడూ రాజూ సంభాషణల్లో ఒకే ఛందస్సు వాడతారు. అలాంటప్పుడు మాండలికభేదం అనువాదకుడి కల్పన కాదా? ఛందస్సు ఒకటే కావచ్చు. కాని వాక్యగతి ఒకటి కాదు. భటుడి వాక్యం తడబడుతుంది, రాజు వాక్యం తీర్మానిస్తుంది. ఆ తేడాను తెలుగులో వినిపించగల సాధనం పాత్రోచిత భాష. మాండలికాన్ని నవ్వుకోసం అతికించడం వేరు, ఈ తడబాటును నిలుపుకోవడానికి వాడడం వేరు.

రిహార్సలు పరిశోధన ఎలా అవుతుందో కూడా ఈ భటుడే చూపించాడు. నా తొలి ప్రతిలో యాంటిగొనీ చేసిన పనికి ‘ఖననం’ అని రాశాను. భటుడి పాత్రధారి అడిగిన ప్రశ్న: “గుంట తీసిందా, పైన మన్ను చల్లిందా? నేను చేత్తో ఏది చూపించాలి?” మూలంలో భటుడు స్పష్టంగానే చెబుతాడు: నేల గట్టిగా ఉంది, పలుగూ పారా తగిలిన గుర్తు లేదు, శవం మీద పలచని ధూళి మాత్రమే ఉంది. ‘ఖననం’ అన్న పండితపదం ఈ వివరాన్ని కప్పేసింది. ‘మన్ను చల్లడం’ అన్న నటుడి మాట మూలార్థానికి దగ్గరైంది. బల్ల దగ్గర నెలల తరబడి కనిపించని అర్థభేదం నటుడి చేయి కదిలేసరికి బయటపడింది. దీన్ని పాఠపరిష్కరణ అనకపోతే మరేమనాలి?

యాంటిగొనీ, వృద్ధుల బృందం మార్చి మార్చి పాడే శోకభాగానికీ ఇదే వర్తిస్తుంది. అచ్చులో అది పద్యమైనా వచనకవితైనా ఒకటే అనిపించవచ్చు. గొంతెత్తినప్పుడు మాత్రం మన స్త్రీలు రాగం తీసి శోకాలు పెట్టే పద్ధతిలోని ఆవృత్తి, విరుపు అవసరమవుతాయి. అవి కాగితం మీద తేలవు.

కాబట్టి నాటకానువాదాన్ని సిద్ధాంతవ్యాసంగా స్వీకరించే శాఖలు రిహార్సలులో మారిన ప్రతి పంక్తినీ, మార్పుకు కారణాన్నీ నమోదు చేసిన ప్రతిని అనుబంధంగా కోరాలి. పరీక్షకులు మౌఖిక పరీక్షకు ముందు కనీసం ఒక అంకాన్ని నటుల నోట వినాలి. వినకుండా నాటకభాషకు యోగ్యతాపత్రం ఇవ్వడం ఛందస్సును గణించకుండా పద్యాన్ని పరిష్కరించడం లాంటిది.