వేలిముద్రకు ముందు
నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల వైపు పసుపు తవ్వే రోజుల్లో ఏ ఆడమనిషైనా మంచం దిగలేకపోతే ముందు గ్లూకోజు ఎక్కిస్తారు, ఆపైన థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు. రిపోర్టులన్నీ నార్మలని వస్తే ఇక మిగిలేది 'పనిదొంగ' అన్న పేరే. ఒక పూట బీడీలు చుట్టిన పాపానికి రెండు మూడు రోజులు లేవలేకపోవడం, పడుకున్నా ఆ అలుపు తీరకపోవడం దీర్ఘకాలిక అలసట జబ్బు అసలు గుర్తు; దాన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. అందుకే ఏదో మందుల కంపెనీ దీనిమీద పరిశోధన చేస్తోందంటే రోగికి ప్రాణం లేచొస్తుంది. ఆ ఆశను నేను తప్పుపట్టను. కాకపోతే నార్వేలో ఈ జబ్బుకు వాడి చూసిన రిటుక్సిమాబ్ అనే మందు మొదట పనిచేసినట్టే కనిపించింది. 151 మందిపై జరిపిన పెద్ద ప్రయోగంలో డమ్మీ మందు కంటే మెరుగు కాదని 2019లో తేలిపోయింది. మన దగ్గర ఇలాంటి ప్రయోగాలంటే భయానికి ఇంకో కారణముంది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు అధ్యయనంలో భాగంగా హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. ఆ అధ్యయనం జరిపినవాళ్లకు 2013లో పార్లమెంటరీ సంఘం గట్టిగానే తలంటింది. ప్రయోగంలో హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. రాతలో బాగానే ఉంది, అడిగేవాళ్లేరీ? ఎవరైనా ట్రయల్‌లో చేరమంటే, తెలుగులో రాసిన అంగీకార పత్రం కాపీ, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు చేతికొచ్చేదాకా వేలిముద్ర వేయకండి.