సర్వర్ ఆగితే ఆగిపోయే ఆటకు అంతులేదట!

మొన్న చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద ఒక మొబైల్ షాపులో ఒక మాట విన్నాను. మా కాలనీ కుర్రాడొకడు సరుకు ఓడ మీద ఉద్యోగానికి వెళ్తున్నాడు. నెలల తరబడి సముద్రం మీదే ఉండాలి, నెట్ అంతంత మాత్రం. ఫోన్‌లో ఒక్క గేమ్ పెట్టుకుని పోవాలంటే ఏది పెట్టుకోమంటావని అడిగాడు. కౌంటర్ వెనకున్నతను క్షణం కూడా ఆలోచించలేదు. "బీజీఎంఐ ఎక్కించుకో తమ్మీ. సీజన్ సీజన్‌కి కొత్తది వస్తది. జిందగీల బోర్ కొట్టది." పబ్‌జీ అనే ఆన్‌లైన్ యుద్ధాల ఆటకు మన దేశంలో పెట్టిన కొత్త పేరే బీజీఎంఐ. పక్కన నిలబడ్డ నలుగురూ తలలూపారు. ఒకతను ఇంకో అడుగు ముందుకేసి, "గంటలు చూస్కో భాయ్, రెండొందల గంటల కథ ఉన్నది తీస్కుంటే పైసా వసూల్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నడిసంద్రంలోకి పోయేవాడికి సర్వర్ లేనిదే తెరుచుకోని ఆటను అంటగడుతున్నారు!

అది ఆ షాపతని ఒక్కడి మాటే అయితే వదిలేసేవాణ్ని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ హాస్టల్ రూమ్‌లో అడిగినా, ఏ గేమింగ్ కేఫ్‌లో అడిగినా ఇదే జవాబు. ఎక్కువ రోజులు ఒంటరిగా ఉండాల్సి వస్తే పెద్ద గేమ్ కావాలట. అప్‌డేట్లు వస్తూ ఉండాలట. మ్యాప్ ఎంత పెద్దదైతే అంత మంచిదట. దాని పేరే రీప్లే వాల్యూ, అంటే మళ్లీ మళ్లీ ఆడించే గుణం, అని అందరూ తీర్మానించేశారు. పచ్చి తప్పు. 2020, 2021 సంవత్సరాలను కళ్లారా చూసిన మనుషులు ఇంకా ఈ మాటే అంటుంటే ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

ఒకసారి గుర్తు చేసుకోండి. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ వెంటనే లాక్‌డౌన్. కర్మన్‌ఘాట్ నుంచి ఐ.ఎస్. సదన్ దాకా ఏ డాబా మీద చూసినా కుర్రాళ్లు ఫోన్లు అడ్డంగా పట్టుకుని పబ్‌జీలో మునిగి ఉండేవాళ్లు. ఆటలో గెలిస్తే దక్కే 'చికెన్ డిన్నర్' తప్ప వేరే ముచ్చట లేదు. ఇదొక్కటి ఉంటే ఎన్నాళ్లు తలుపులేసుకుని కూర్చోమన్నా కూర్చుంటామన్నారు. ఏమైంది? సెప్టెంబర్ 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ మొబైల్ ఒకటి. ముందే ఫోన్‌లో ఎక్కించుకున్నవాళ్లు ఇంకొన్ని వారాలు ఆడుకున్నారు. అక్టోబర్ 30న మన దేశానికి సర్వర్లు ఆపేశారు. ఆ రోజుతో ఎవడి ర్యాంకు ఎంతైనా, ఎవడు ఎన్ని స్కిన్లు కొన్నా ఒకటే అయిపోయింది.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. తెలంగాణలో రెండో లాక్‌డౌన్ 2021 మే 12న మొదలై జూన్ 19 దాకా నడిచింది. ఇంట్లో ఒకరు ఒక గదిలో, మిగిలినవాళ్లు ఇంకో గదిలో, గడప అవతల కంచం పెట్టి వెళ్లిన రోజులవి. ఐసోలేషన్ అంటే ఏమిటో మొదటిసారి కంటే రెండోసారే ఎక్కువ ఇళ్లకు తెలిసింది. ఆ ఐదు వారాల పైచిలుకు కాలంలో దాదాపు అంతటా ఈ దేశంలో పబ్‌జీ లేదు. బీజీఎంఐ పేరుతో అది అధికారికంగా తిరిగొచ్చింది జూలై 2న, లాక్‌డౌన్ ఎత్తేసిన సుమారు రెండు వారాలకు! మళ్లీ 2022 జూలై 28న స్టోర్ల నుంచి మాయమైంది. మళ్లీ 2023 మే నెలలో ప్రత్యక్షమైంది. ఈలోగా 2022 ఫిబ్రవరిలో అలాంటిదే ఇంకో ఆట, ఫ్రీ ఫైర్ మీద వేటు పడింది. నిషేధాలు మంచివా కాదా అని నేనిప్పుడు వాదించడం లేదు. ఇన్నిసార్లు ఆగిపోయిన ఆటను "జిందగీల బోర్ కొట్టది" అని చెప్పి అమ్మే నోటి గురించి మాట్లాడుతున్నాను.

ఇది మన దేశపు నిషేధాల గొడవే అనుకుంటే పొరపాటు. 2014లో యూబీసాఫ్ట్ 'ద క్రూ' అనే కార్ల రేసుల ఆట అమ్మింది. అమెరికా దేశమంత మ్యాప్ అని ఊరించింది. 2024 మార్చి 31న సర్వర్లు తీసేసింది. డబ్బు పెట్టి కొన్నవాడు తన ఇంట్లో, తన మెషీన్ మీద, ఒక్కడే ఆడుకుందామన్నా ఆ రోజుతో ఆ ఆట తెరుచుకోకుండా పోయింది. కొన్నానని అనుకున్నది అద్దెకు తీసుకున్నదని తేలింది. అమ్మిన ఆటలను ఇలా చంపొద్దంటూ కోపంతో యూరప్‌లో పది లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. మనవాళ్లు మాత్రం బీజీఎంఐలో రాయల్ పాస్ రీచార్జి చేయిస్తూనే ఉన్నారు.

నిషేధం వద్దు, కంపెనీ మోసమూ వద్దు, ఒక వాన చాలు. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు పొంగింది. కోదండరామ్ నగర్ లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. జనం పై అంతస్తుల్లో చిక్కుకుపోయారు. కరెంటు లేదు, వైఫై బాక్సు చచ్చింది, సిగ్నల్ ఒక గీత ఉంటే ఉంది, లేకపోతే లేదు. మన ప్రాంతానికి వచ్చిన అసలైన ఏకాంతవాసం అది. పవర్ బ్యాంకులో మిగిలిన చార్జింగ్‌తో ఏ ఆట ఆడగలిగేవారో అదే లెక్కలోకి వచ్చే ఆట. మిగతావన్నీ షోకేసు సరుకు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ మండించేది ఈ ఆన్‌లైన్ ఆటల సీజన్ల పద్ధతి. రాత్రింబగళ్లు ర్యాంక్ పుష్ చేసి పైకెక్కుతాడు కుర్రాడు. సీజన్ మారగానే వాణ్ని కిందికి లాగేస్తారు. మళ్లీ ఎక్కు. రోజూ లాగిన్ అయితే బహుమతి, ఒక రోజు తప్పితే పోయింది. ఫలానా వారంలో కొనకపోతే ఆ డ్రెస్సు ఇక దొరకదు. మనిషి చేతిలో కాలం తప్ప ఇంకేమీ లేని రోజుల్లో ఆ కాలానికి హాజరు పట్టీ పెట్టి వసూలు చేసుకునే వ్యాపారమిది. ఒంటరిగా గదిలో ఉన్నవాడికి కావలసింది ఊరట. వీళ్లిచ్చేది గాబరా. నిద్రలోంచి లేచి ఫోన్ తడిమే పిల్లల్ని మా వీధిలోనే చూశాను. వాళ్లను తిట్టే తల్లిదండ్రుల్ని కూడా చూశాను. తిట్లు పడాల్సింది పిల్లలకు కాదు, ఆ ఆటను అలా కట్టినవాళ్లకు.

ఇక సైజు పిచ్చి. 'నో మ్యాన్స్ స్కై' అనే ఆటలో గ్రహాలెన్నో తెలుసా? 18 పక్కన 18 సున్నాలు. ఒక్కో గ్రహాన్ని ఒక్క సెకను చూసినా అన్నీ చూడటానికి 58,500 కోట్ల ఏళ్లు పడుతుంది. 2016లో అది వచ్చిన కొత్తలో, కాసేపు తిరిగేసరికి అన్నీ ఒకేలా ఉన్నాయని కొన్నవాళ్లు గోలెత్తారు. తర్వాత ఏళ్ల తరబడి అప్‌డేట్లతో బాగు చేశారు, సరే. కానీ లెక్కలేనన్ని గ్రహాలిచ్చినా మనిషికి విసుగు పుట్టిందన్న నిజం ఎక్కడికీ పోలేదు. రెండొందల గంటల కథ సంగతి చెప్పనే అక్కర్లేదు. కథ ఒకసారి తెలిసిపోయాక మిగిలేది నడకే.

ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో చదువుకున్నవాళ్లను అడగండి. ఫీజు కట్టింది సీ, జావా కోసం. ల్యాబ్‌లో సారు అటు తిరగగానే తెరిచింది ఫ్రీసెల్. విండోస్ 95తో అందరికీ చేరిన పేకాట అది. నంబర్లు వేసిన 32,000 పంపకాలు. వాటిలో 11,982 నంబరుది ఒక్కటే గెలవలేనిది, మిగతావన్నీ గెలవొచ్చు. అంటే ఓడిన ప్రతిసారీ తప్పు నీదే, దారి అక్కడే ఉంది, నీకు కనపడలేదంతే. ఆ మాట తెలిశాక మూసేసిన పంపకాన్ని మళ్లీ తెరవకుండా ఉండలేం. మళ్లీ ఆడించే గుణం అంటే నేను చెప్పేది ఇదే. దానికి మ్యాప్ లేదు, కథ లేదు, సీజన్ లేదు. ఇన్‌స్టిట్యూట్ల వాళ్లు దాన్ని సిస్టమ్స్ లోంచి తీసేయించేవాళ్లు. అంతగా భయపడ్డారు దానికి.

ఒంటరితనంలో ఏ ఆట నిలబడుతుందో తేల్చింది మన షాపులు కావు, అంతరిక్షానికి వెళ్లినవాళ్లు. 1993లో అలెగ్జాండర్ సెరెబ్రోవ్ అనే రష్యా వ్యోమగామి ఒక గేమ్‌బాయ్‌నీ అందులో టెట్రిస్‌నీ పట్టుకుని మీర్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లాడు. భూమికి దూరంగా ఉన్నది 196 రోజులు. ఆ ఆట 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసింది. ఏడు ఆకారాలు, పది గళ్ల వెడల్పు, అంతే సరంజామా. 2023 డిసెంబర్‌లో అమెరికాలో 13 ఏళ్ల కుర్రాడు ఒకడు పాత నింటెండో టెట్రిస్‌ను 157వ లెవెల్ దాకా ఆడి ఆ ప్రోగ్రామే స్తంభించిపోయేలా చేశాడు. అక్కడి దాకా అంతకుముందు ఏ మనిషీ వెళ్లలేదు. ఏ అప్‌డేటూ లేకుండా ముప్పై ఏళ్లు దాటిన ఆట మనిషి చేత అంత పని చేయించింది. దాని పక్కన పెట్టడానికి పబ్‌జీ లాంటి ఏ బ్యాటిల్ రాయల్ ఆటకు అర్హత ఉంది?

అంతకంటే ముందు, 1970 జూన్ 9న, సోయుజ్-9లో ఉన్న నికొలాయెవ్, సెవస్త్యానొవ్‌లు భూమ్మీదివాళ్లతో చదరంగం ఆడారు. ఆట డ్రా అయింది. నా ఓటు కూడా చదరంగానికే. ఫోన్‌లో నెట్ లేకుండా నడిచే చదరంగం. చెరో ఎత్తు వేసేసరికి 400 దారులు, చెరో రెండు ఎత్తులకు 1,97,281 దారులు. స్టాక్‌ఫిష్ ఇంజిన్ పూర్తిగా ఉచితం, చవక ఫోన్‌లో కూడా నడుస్తుంది, ప్రపంచ చాంపియన్నే ఓడించగలదు. అది చాలదా ఏడాదికి? కోనేరు హంపి, హరిక, హరికృష్ణ, అర్జున్ ఇరిగేసిలను కన్న నేల మీద నిలబడి ఈ మాట విడమరిచి చెప్పాల్సి రావడమే బాధగా ఉంది.

చదరంగం మొదట్లో విసుగు పుట్టిస్తుందంటారు. పుట్టిస్తుంది, రెండు వారాలు ఓపిక పట్టండి. యుద్ధం, పరుగు ఉండాల్సిందే అంటారా, మన హైదరాబాద్ కుర్రాళ్లు ఓగర్ హెడ్ స్టూడియోలో చేసి 2017లో విడుదల చేసిన 'అసుర' ఉంది. ఆడిన ప్రతిసారీ దారులు మారతాయి. చచ్చిన ప్రతిసారీ మొదటికి రావాలి. కంప్యూటర్ ఉన్నవాళ్లు అది చూడొచ్చు. చదరంగానికి ఫోన్‌లో ఏ యాప్, ఏ వెర్షన్ అన్నది మీ వీలు.

ఆన్‌లైన్ అయితే దోస్తులతో మాట్లాడుకోవచ్చు కదా అనేది ఇంకో వాదన. మాట్లాడాలనిపిస్తే ఫోన్ చేయండి. ఆటకు నెట్ దారం కడితే ఏమవుతుందో 2020 ఆగస్టు 30న చూశాం. ఆన్‌లైన్ చెస్ ఒలింపియాడ్ ఫైనల్లో భారత్, రష్యా తలపడుతుంటే మధ్యలో కనెక్షన్లు తెగిపోయాయి, చివరికి ఇద్దరినీ విజేతలుగా ప్రకటించాల్సి వచ్చింది. ప్రపంచ స్థాయి పోటీకే గ్యారంటీ లేనప్పుడు ఒంటరిగా ఎక్కడో ఉన్నవాడికి ఏం గ్యారంటీ?

కాబట్టి షాపువాడి మాట నమ్మకండి. డబ్బు కట్టే ముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఆ ఆటను తెరిచి చూడండి. తెరుచుకోకపోతే అక్కడే డిలీట్ చేసెయ్యండి.