అమ్మానాన్నలతో యార్క్

యార్క్ నగరం ఊజ్ నది ఒడ్డున ఉంది. క్రీ.శ. 71లో రోమన్ సైన్యం ఇక్కడ కోట కట్టి ఎబొరాకమ్ అని పేరు పెట్టింది. కాన్‌స్టాంటైన్‌ను సైనికులు చక్రవర్తిగా ప్రకటించింది 306లో, ఈ ఊళ్లోనే. ఆయన కంచు విగ్రహం ఇప్పుడు యార్క్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి పక్కన కూర్చుని ఉంటుంది. 866లో వైకింగులు ఊరిని పట్టుకుని యోర్విక్ అన్నారు. ఇక్కడి వీధుల పేర్ల చివర వినిపించే ‘గేట్’ వాళ్లు వదిలివెళ్లిన మాటే, వాళ్ల భాషలో వీధి అని అర్థం. అసలు కోట ద్వారాలను మాత్రం ‘బార్’ అంటారు. బూతమ్ బార్, మాంక్ బార్ అంటే పాత నగర ద్వారాలేనని ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు ముందే చెప్పడం మంచిది.

లీడ్స్ నుంచి రైల్లో అరగంట, మాంచెస్టర్ నుంచి సుమారు గంటన్నర, లండన్ నుంచి రెండు గంటల ప్రయాణం. కారులో వచ్చేవాళ్లు ఊరి బయట పార్క్ అండ్ రైడ్ దగ్గర కారు వదిలి బస్సెక్కడం మేలు. పాత ఊళ్లో చాలా వీధుల్లోకి పగటిపూట కార్లను రానివ్వరు. అందువల్ల యార్క్‌లో ఏది చూడాలన్నా నడవాలి. ముప్పై అయిదేళ్ల వాళ్లకు ఆ నడక లెక్కలోకి రాదు. డెబ్భై ఏళ్ల అమ్మకు మాత్రం పొద్దున ఏది చూస్తే సాయంత్రం దాకా మోకాళ్లు నిలబడతాయో చూసుకుని బయల్దేరాలి.

మొదట వెళ్లాల్సింది స్టేషన్ పక్కనే ఉన్న జాతీయ రైల్వే మ్యూజియానికి. 1975లో తెరిచిన ఈ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. నేల చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి బెంచీలున్నాయి, టాయిలెట్లు దగ్గరలోనే ఉంటాయి. మల్లార్డ్ అనే నీలిరంగు ఆవిరి ఇంజన్ ఇక్కడే ఉంది. 1938 జూలై 3న అది గంటకు 126 మైళ్లు, అంటే దాదాపు 203 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డును ఇంతవరకు ఏదీ దాటలేదు. జపాన్ బుల్లెట్ రైలు పెట్టె ఒకటి, విక్టోరియా రాణి ప్రయాణించిన సెలూన్ పెట్టె కూడా ఉన్నాయి. విజయవాడలోనో, కాజీపేటలోనో, గుంతకల్లులోనో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన నాన్నలు మన తెలుగు సంఘం కుటుంబాల్లో తక్కువేమీ లేరు. బాయిలరు నిలువునా కోసి లోపలి గొట్టాలు చూపించే ఇంజన్ దగ్గర అలాంటి తాతయ్య ఒక్కరు నిలబడితే, పిల్లలకు వేరే గైడు అక్కర్లేదు. ఆయన చెప్పేది తెలుగులోనే చెప్పనివ్వాలి. పిల్లలకు అర్థం కాని చోట అమ్మో నాన్నో పక్కన నిలబడి అందించాలి, ఫోను చూసుకుంటూ కాఫీ క్యూలో ఉండిపోకూడదు. ఈ ఒక్కచోటికే సగం రోజు కేటాయించినా వృథా కాదు.

మ్యూజియం నుంచి నది దాటితే మ్యూజియం గార్డెన్స్. పాత సెయింట్ మేరీస్ మఠం శిథిలాలు, రోమన్ల కాలపు బురుజు, పచ్చిక, ఉడతలు. లోపలికి టికెట్ లేదు. డబ్బాల్లో తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం తినడానికి ఊళ్లో ఇంతకంటే హాయైన చోటు లేదు. ఎండ కాసినా నది గాలి చల్లగా తగులుతుంది కాబట్టి పెద్దవాళ్లకు స్వెట్టరు, శాలువా చేతిలో ఉండాలి.

అక్కడి నుంచి కొద్ది దూరంలోనే యార్క్ మిన్‌స్టర్. ఇప్పుడు కనిపించే కట్టడానికి 1220 ప్రాంతంలో పని మొదలై 1472 నాటికి పూర్తయింది. రెండున్నర శతాబ్దాల పాటు తాపీపని వాళ్ల తరాలు గడిచిపోయాయి. తూర్పు గోడకున్న మహా గవాక్షం దాదాపు టెన్నిస్ కోర్టంత ఉంటుంది. కవెంట్రీకి చెందిన జాన్ తోర్న్‌టన్ అనే గాజు పనివాడు 1405 నుంచి 1408 వరకు మూడేళ్లలో దాన్ని పూర్తిచేశాడు. సృష్టి ఆరంభం నుంచి లోకాంతం దాకా బైబిలు కథంతా రంగు గాజులో ఉంది. ఈ కాలంలో ఆ పలకలను దించి, శుభ్రం చేసి, తిరిగి బిగించే పని 2018లో ముగిసింది. 1984 జూలైలో దక్షిణ భాగం కప్పు మంటల్లో కూలినా, అక్కడి రోజ్ విండో పగుళ్లతో బయటపడింది. ప్రవేశానికి టికెట్ ఉంది. వీల్‌చెయిర్‌తో లోపలికి వెళ్లే వీలుంది, కూర్చుని చూడటానికి కుర్చీలున్నాయి. నడిమి గోపురం పైకి మాత్రం 275 మెట్లు, అన్నీ ఇరుకైన చుట్టుమెట్లే. ఎనిమిదేళ్లు నిండని పిల్లలను ఎక్కనివ్వరు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ‘ఇంతదూరం వచ్చాం కదా’ అని బతిమాలి ఎక్కించకూడదు.

నగర గోడలు యార్క్‌కు గుండెకాయ. సుమారు 3.4 కిలోమీటర్ల గోడ మీద ఉచితంగా నడవొచ్చు. పొద్దున తలుపులు తీసి, చీకటి పడుతుండగా మూసేస్తారు. మంచు గడ్డకట్టిన రోజుల్లో అసలు తెరవరు. బూతమ్ బార్ నుంచి మాంక్ బార్ దాకా ఉన్న ముక్క అన్నిటికంటే అందమైనది, తోటల మీదుగా మిన్‌స్టర్ నిండుగా కనిపిస్తుంది. అయితే చాలా చోట్ల లోపలి వైపు రెయిలింగ్ లేదు. ఎక్కే, దిగే రాతిమెట్లు అరిగి నున్నబడ్డాయి.

ఆగస్టులో సంఘం యాత్రకు వచ్చిన ఒక సభ్యుడి తల్లి ఆ మెట్లు దిగుతూ జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఇంట్లో వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. ఆమె వచ్చేటప్పుడు మూడు నెలలకు ఇన్సూరెన్స్ తీసుకున్నారు. మనవరాలి స్కూలు సెలవుల కోసం తిరుగు ప్రయాణం వాయిదా వేసుకున్నారు, పడేనాటికి ఇక్కడికి వచ్చి అయిదో నెల. ఇన్సూరెన్స్ పొడిగించే సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అప్పటి నుంచి సంఘం వాళ్లు ఎక్కడ కలిసినా ఇదే మాట.

సందర్శక వీసా మీద పెద్దవాళ్లు బ్రిటన్‌లో ఆరు నెలల దాకా ఉండొచ్చు. జీపీ దగ్గర చూపించుకుంటే డబ్బు అడగరు. ఆసుపత్రి అత్యవసర విభాగంలో చేసే చికిత్సకూ బిల్లు ఉండదు. అక్కడి నుంచి వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. సందర్శకుల నుంచి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్.హెచ్.ఎస్. తన మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తుంది. వెంటనే అవసరమైన చికిత్సను డబ్బు లేదని ఆపరు, కానీ బిల్లు తప్పదు. 500 పౌండ్లు, ఆపైన బాకీ రెండు నెలలు దాటితే తర్వాతి వీసాకు అడ్డం రావొచ్చు. మళ్లీ మనవల పుట్టినరోజుకు రావాలనుకునే అమ్మమ్మకు అది చిన్న సంగతి కాదు. ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు కట్టే హెల్త్ సర్‌చార్జ్ తల్లిదండ్రులకూ పనికొస్తుందని చాలామంది నమ్ముతున్నారు. అది సరికాదు, ఆ డబ్బు కట్టినవాళ్ల వరకే.

ఇంకొక అలవాటు గురించి ఎంత చెప్పినా తక్కువే. ప్రీమియం తగ్గుతుందని షుగరు, బీపీ, పాత స్టెంటు సంగతి ఫారంలో దాచడం. దాచినట్టు తేలితే కంపెనీ క్లెయిము తిరస్కరించవచ్చు, అప్పుడు కట్టిన ప్రీమియం కూడా నీళ్లపాలే. అమ్మానాన్నలు ‘మాకేం కాదులే, డబ్బు దండగ’ అంటారు. వాళ్లు అనడం సహజం. ఆ మాట పట్టుకుని పిల్లలు ఊరుకోవడం సహజం కాదు. రిటర్న్ టికెట్ తేదీ మార్చిన రోజే ఇన్సూరెన్స్ తేదీ కూడా మార్చాలి. వాడే మందుల పేర్లు, మోతాదులు ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి పెద్దవాళ్ల పర్సులో పెట్టాలి. కింద పడినా, గుండె బరువనిపించినా 999కి, అంత అత్యవసరం కాని సందేహాలకు 111కి ఫోన్ చేయాలని వాళ్లకు నేర్పాలి.

గోడ దిగాక షాంబుల్స్ వీధి. ఒకప్పుడు కసాయి దుకాణాల వరుస, మాంసం తగిలించిన కొక్కేలు ఇంకా కొన్ని కొట్ల ముందు ఉన్నాయి. పై అంతస్తులు వీధి మీదికి వాలి దాదాపు ఒకదానికొకటి తగులుతాయి. నేల గుండ్రాళ్లు, జనం ఎక్కువ, పొద్దున్నే వెళ్తే మేలు. యోర్విక్ కేంద్రాన్ని 1984లో తెరిచారు. కాపర్‌గేట్‌లో 1976 నుంచి 1981 వరకు జరిగిన తవ్వకాల్లో బయటపడిన వైకింగుల వీధిని అక్కడే మళ్లీ నిలబెట్టారు. బండిలో కూర్చుంటే అదే తిప్పి చూపిస్తుంది కాబట్టి కాళ్లకు శ్రమ లేదు. ఆనాటి వాసనలు కూడా కల్పించారు, కడుపు తిప్పే స్వభావం ఉన్నవాళ్లకు ముందే చెప్పాలి. కిట్‌క్యాట్ పుట్టిన ఊరు ఇదేనంటే పిల్లలు నమ్మరు. ఇక్కడి రౌన్‌ట్రీ కంపెనీ దాన్ని 1935లో వేరే పేరుతో అమ్మకం మొదలుపెట్టి, 1937లో ఈ పేరు పెట్టింది.

క్లిఫర్డ్స్ టవర్ మట్టిదిబ్బ ఎక్కలేనివాళ్లు కింది నుంచే చూడొచ్చు. 1190 మార్చిలో ఆ దిబ్బ మీది కోటలో తలదాచుకున్న సుమారు 150 మంది యూదులు, బయట మూక చుట్టుముట్టగా, ప్రాణాలు పోగొట్టుకున్నారు. వేరే దేశంలో బతికే కుటుంబాలు పిల్లలకు ఈ సంగతి చెప్పకుండా అక్కడ ఫొటో దిగి రాకూడదు. ఎదురుగా ఉన్న కాజిల్ మ్యూజియంలో విక్టోరియా కాలపు వీధి మొత్తాన్ని ఒకే కప్పు కింద కట్టారు. అలిసిన పెద్దవాళ్లకు రోజు ముగించడానికి అది అనువైన చోటు.

ఆగస్టు యాత్రలో రెండు బస్సులకు పులిహోర కలిపిన వాళ్లకు, ఆసుపత్రిలో రాత్రంతా కూర్చున్న ముగ్గురు సభ్యులకు, మూడు వారాలు వంతులేసుకుని జారిపడిన ఆ తల్లి ఇంటికి క్యారేజీ పంపిన కుటుంబాలకు సంఘం రుణపడి ఉంది. దసరా, బతుకమ్మ సంబరాలకు హాలు ఖరారైంది. పూలు తేగలిగినవాళ్లు కార్యదర్శికి తెలియజేయాలి. ఈ ఏటి సభ్యత్వ రుసుము ఇంకా కట్టనివాళ్లు సంబరాల లోపు కట్టాలి. వచ్చే మే నెలలో యార్క్ యాత్ర మళ్లీ ఉంటుంది, గోడ నడక మాత్రం ఇష్టమైన వాళ్లకే, విడిగా. నమోదు ఫారంలో కొత్తగా ఒక గడి చేర్చారు: వెంట వచ్చే పెద్దవాళ్ల ఇన్సూరెన్స్ ముగిసే తేదీ. ఆ గడి ఖాళీగా ఉన్న ఫారాలను కార్యవర్గం తిప్పి పంపుతుంది.